దుమ్ము తిన్న బండి

హేమావతి ఆ బండిని మొదటిసారి చూసింది హిందూపురంలో, ఒక కోళ్ల గూటి పక్కన. దాని మీద ఎప్పటివో సువార్త సభలకు వేయించిన పాత ఫ్లెక్సీ కప్పి ఉంది. బండి అమ్మే సాల్మన్ ఆ ఫ్లెక్సీని లాగేసరికి గూటి మీద కూర్చున్న పుంజు రెక్కలు టపటపలాడించుకుంటూ కిందికి దూకింది. కింద ఎర్రటి జపాన్ బండి. హెడ్‌లైటు లేదు, అద్దాలు లేవు, నంబరు ప్లేటు లేదు. సీటు ఆమె నడుము దాటి ఉంది. టైర్ల నిండా వేలెడేసి రబ్బరు గుబ్బలు.

“ఇది రోడ్డు మీద తిరిగే బండి కాదక్కా, పందేల బండి,” అన్నాడు సాల్మన్. “రిజిస్ట్రేషన్ ఉండదు. రోడ్డెక్కిస్తే పోలీసోళ్లు పట్టుకపోతారు. మట్టిలో తప్ప దీనికి బతుకు లేదు.”

“తెలుసప్పా,” అంటూ హేమావతి కింద గొంతుక్కూర్చుని ఇంజను మీద అరచెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. అమ్మేవాళ్లు కొందరు, కొనేవాళ్లు వచ్చేలోపు బండిని స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచుతారు, చల్లటి ఇంజను మొరాయిస్తే బేరం పోతుందని. ఈ మనిషి ఆ పని చేయలేదు. ఆమెకు సాల్మన్ మీద అప్పుడే నమ్మకం కుదిరింది.

హేమావతిది తాడిమర్రి పక్కన పల్లె. నాయన రామప్పకు గొర్రెల మంద ఉంది. బడికి పోయే వయసులోనే నాయన మోపెడ్ మీద మేత మూటలు కట్టుకుని వంకల్లోంచి, గట్ల మీదనుంచి మంద దగ్గరికి తోలుకుపోయేది. ఇప్పుడు పెనుకొండ దగ్గర ఒక గ్రామ సచివాలయంలో పశుసంవర్ధక సహాయకురాలిగా పని. ఏ గుట్ట వెనక ఏ మంద ఉన్నా బండి మీద పోయి సూదులు వేసి వస్తుంది. ఒకసారి బెంగుళూరు పక్కన డబ్బు కట్టి నడిపే ట్రాకులో, మట్టి దిబ్బల మీద పందేలాడే మోటోక్రాస్ బండి ఎక్కింది. ఇంటికొచ్చిన తర్వాత చాలా రోజులు భర్త మారుతికి దాని గురించే చెప్పింది. గాలిలోకి లేచినప్పుడు కడుపులో ఎలా ఉంటుందో, దిగినప్పుడు మోకాళ్లు ఎలా మడవాలో అన్నం తింటూ, బట్టలు ఆరేస్తూ చెప్పింది.

మారుతి ఆర్టీసీలో కండక్టరు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, తిరిగి హిందూపురం. అతనికి బండి నడపడం రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. పొద్దున్నే భార్య వెనక కూర్చుని బస్టాండుకు పోతుంటే ఎవరైనా నవ్వితే, “కండక్టరు యాడైనా వెనకాలే గదప్పా ఉండేది,” అనేవాడు.

ఈ బండి సంగతి తెచ్చింది కూడా అతనే. ఒకరోజు హిందూపురంలో బస్సెక్కిన ఒక కుంటి కాలు మనిషి ఫోన్లో గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. “ముక్కలు చేసి అమ్ముకునేటోనికి నేను బండి ఇయ్యను. దాన్ని నడిపేటోళ్లకే ఇస్తా. లేదంటే అట్లనే ఉండనీ.” టికెట్టు కొడుతున్న మారుతి ఆగిపోయాడు. ఏం బండి అని అడిగాడు. విన్నాక, “మా ఇంట్లో నడిపేటోళ్లు ఉండారు,” అన్నాడు. ఎవరంటే, “నా పెండ్లాము.” సాల్మన్ పెనుకొండలో దిగాల్సినవాడు ధర్మవరం దాకా మాట్లాడుతూనే వచ్చాడు.

అలా వచ్చారు ఆ ఆదివారం హిందూపురానికి.

సాల్మన్ కిక్ రాడ్ బయటికి లాగి చూపించాడు. “మెల్లగా తొక్కుతా పో అక్కా. ఒగచోట గట్టిగా తగుల్తాది. ఆడ ఆగు. రాడ్‌ను పైకి రానీ. అప్పుడు కిందికంటా తొక్కు. కుడిచేతి గ్యాసు పిడి మాత్రం ముట్టుకోవద్దు.”

ఆమె రెండు మూడుసార్లు తొక్కింది. బండి దగ్గి ఊరుకుంది. ఇంకోసారి, అతను చెప్పినట్టే, తగిలే చోటు వెతుక్కుని తొక్కింది. ఇంజను ఒక్కసారిగా అందుకుంది. పక్కింటి కిటికీ రేకు అదిరింది. కోళ్లన్నీ గోడ దూకాయి. ఇంట్లోంచి సాల్మన్ తల్లి ఎస్తేరమ్మ చేతిలో చాటతో బయటికొచ్చింది.

“ఆపు! ముందు దాన్ని ఆపు!”

సాల్మన్ ఆపాడు. ఎస్తేరమ్మ హేమావతిని తలనుంచి కాళ్లదాకా చూసింది.

“కొనేది నువ్వా పాపా? మగోళ్లెవరో వస్తాండారంటే సరే అన్నా. ఈ బండి నా కొడుకు మోకాలు తినింది. ఒంటిమీద సోయ లేకుండా ఆస్పత్రిలో పడుంటే నేను ఎట్ల చూసినానో నాకు తెలుసు. ఇంకొగ తల్లికి ఆ గతి పట్టించేకి నాకు మనసొప్పదు. నీకు మొగుడు ఉండాడా?”

“ఉండాడమ్మా. ఈయనే.”

ఆమె మారుతి వైపు తిరిగింది. “నువ్వేం మొగుడివప్పా? పెండ్లానికి చీర కొనిచ్చేటోళ్లను చూసినా, కమ్మలు కొనిచ్చేటోళ్లను చూసినా. కాళ్లిరగ్గొట్టే దాన్ని కొనిచ్చేటోన్ని నిన్నే చూస్తాండా.”

“నేను కొనిచ్చేది కాదమ్మా. ఆమె దుడ్లు, ఆమె ఇష్టం. నేను తోడొచ్చినా అంతే,” అన్నాడు మారుతి, బస్సులో చిల్లర లేదని చెప్పేంత నెమ్మదిగా.

“గొర్రెలకాడికి పోతాంటానమ్మా,” అంది హేమావతి. “రాళ్లల్లో, గుట్టల్లో. పడటం నాకు తెలుసు.”

“పడటం నా కొడుక్కీ తెలుసు,” అంది ఎస్తేరమ్మ.

సాల్మన్, “ఒగసారి నడిపి చూడనీమా. కొనేది కొనకుండేది తర్వాత,” అని బండిని ఇళ్ల వెనకున్న బీడులోకి తోసుకుపోయాడు.

హేమావతి బీడు చుట్టూ రెండు చుట్లు మెల్లగా తిరిగింది. మూడో చుట్టులో గ్యాసు తిప్పింది. వెనక చక్రం మట్టిని చేటలతో విసిరినట్టు వెనక్కి విసిరింది. ఆమె మలుపు దగ్గర తడబడటం చూసి సాల్మన్ అరిచాడు. “కాలు సాపు అక్కా! ముందరికి జరుగు! ట్యాంకు మీదికి జరుగు!” అరుస్తూ బీడుకు అడ్డంగా పరుగు లాంటిది మొదలుపెట్టాడు. కుంటి కాలును ఈడ్చుకుంటూ, చేతులు ఊపుతూ, నవ్వుతూ. ఆమె కాలు చాపింది, ముందుకు జరిగింది, మలుపు దాటింది. “అట్ల! అద్దీ!” అని అతను చప్పట్లు కొట్టాడు.

ఎస్తేరమ్మ బండిని చూడలేదు. కొడుకునే చూస్తూ నిలబడింది. ఆ మోకాలు విరిగినప్పటినుంచి వాడు లేత్ షాపుకు పోవడం, రావడం, గోడకేసి చూస్తూ తినడం, ఇంతే. అంత గొంతుతో ఎవరినైనా పిలిచి ఎన్నాళ్లయిందో.

ఆమె ఇంట్లోకి పోయి ఒక సంచితో తిరిగొచ్చింది. అందులో సాల్మన్ మోకాళ్లకు కట్టుకునే కవచాలు ఉతికి ఆరబెట్టి మడిచి ఉన్నాయి. హేమావతి బండి దిగగానే ఆ సంచిని చేతిలో పెట్టింది. “ఇవి లేకుండా ఎక్కినావని తెలిస్తే నేనే పెనుకొండకొచ్చి బండిని బాయిలో తోస్తా,” అంది. తర్వాత పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి ఉంచి కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసింది. ఇంటికి చేరాక మారుతి టైర్ల కింద నిమ్మకాయలు కూడా పెట్టించాడు. ఏ దేవుడూ అలగకూడదని అతని జాగ్రత్త.

బండి వాళ్ల అద్దె ఇంటి వరండాలోకి వచ్చింది. బియ్యం డ్రమ్మునూ మిక్సీనీ లోపలికి జరపాల్సి వచ్చింది. బండిని మైదానానికి తీసుకుపోవాలంటే చౌడప్ప అనే అతని ట్రాలీ ఆటోలో ఎక్కించి, తాళ్లు కట్టాలి. పెనుకొండ కొండ దిగువన వేరుశనగ పీకేసిన ఒక బీడు దొరికింది. హేమావతి ఆ రైతు గొర్రెలకు వైద్యం చేస్తుంది కాబట్టి అతను అడ్డు చెప్పలేదు.

ఇక సాల్మన్ సంగతి. అమ్మేసినవాడు అమ్మేసినట్టు ఉండాలి కదా. ఉండలేదు. తర్వాతి ఆదివారం పొద్దున్నే హిందూపురం బస్సు దిగి వచ్చాడు. “ఊరికే వచ్చినా. గొలుసు వదులైందేమో చూసిపోదామని.” ఆ పై ఆదివారం బ్రేకు చూసిపోదామని. ఆ పై ఆదివారం ఏ కారణమూ చెప్పలేదు, ఎస్తేరమ్మ పంపిన కోడిగుడ్లు మాత్రం తెచ్చాడు.

“ఈ బండికి కిలోమీటర్లు లెక్కలేదక్కా, గంటలు లెక్క,” అని నేర్పాడు. హ్యాండిల్ దగ్గర అంటించిన చిన్న మీటరు చూపించాడు. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో అది చెబుతుంది. మామూలు బండికి నెలల తరబడి ఉండే ఆయిలు దీనికి నాలుగైదు ఆదివారాలకే నల్లబడుతుంది. దింపి కొత్తది పోయాలి. “ఎంత బలముంటే అంత ఆకలి. దీన్ని కొనడం కాదు కష్టం, సాకడం.”

అన్నిటికంటే ముఖ్యం గాలి వడబోసే స్పాంజి అన్నాడు. సీటు కింద ఉంటుంది. బండి దిగిన ప్రతిసారీ దాన్ని తీసి కిరసనాయిలులో పిండి, సబ్బు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, జిగట నూనె పట్టించి, అంచుకు గ్రీజు పూసి, చుట్టూ వేలితో తడిమి చూసి బిగించాలి. మన నేల దుమ్ము పిండి లాంటిది. గింజంత సందున్నా లోపలికి పోతుంది.

హేమావతి ఆ పని వేరే ఎవరికీ ఇచ్చేది కాదు. ఆదివారాల్లో ఆమె, సాల్మన్ బండికి చెరో పక్కన కూర్చుని మాట్లాడుకుంటుంటే మారుతి తన నీలం చొక్కా వేసుకుని, నీళ్ల సీసా పట్టుకుని నిలబడేవాడు. స్పానర్ అడిగితే ఇచ్చేవాడు. ఎక్కువసార్లు వేరే సైజుది ఇచ్చేవాడు. “ఉండప్పా, నేను తీసుకుంటాలే,” అనేది ఆమె. కోపంగా కాదు, మామూలుగానే. కానీ అతనికి ఎక్కడో గుచ్చుకునేది.

ధర్మవరం అవతల కొందరు కుర్రాళ్లు కలిసి ఎండిన చెరువులో మట్టి దిబ్బలు పోసి పందెం పెడుతున్నారని తెలిసింది. హేమావతి పేరిచ్చింది. అదే వారంలో గొర్రెలకు నట్టల మందు తాగించే కార్యక్రమం వచ్చి పడింది. పొద్దు పుట్టకముందే పోయి, ఒళ్లంతా గొర్రెల వాసనతో ఇంటికొచ్చి, చెయ్యి కడుక్కోకుండానే నిద్రపోయేది. శనివారం మారుతికి సెలవు. స్పాంజి ఇంకా కడగలేదని అతను చూశాడు. ఆమె లేచేసరికి సిద్ధంగా ఉంచుదామనుకున్నాడు. చూసిందంతా గుర్తు తెచ్చుకుంటూ కిరసనాయిలులో పిండాడు, కడిగాడు, ఆరబెట్టాడు, నూనె పట్టించాడు, లోపల పెట్టి బిగించాడు. ఆ రోజు ఆమె వచ్చాక, “స్పాంజి పని అయిపాయ,” అన్నాడు గర్వంగా. ఆమె నిద్ర కళ్లతోనే అతని బుగ్గ మీద తట్టింది.

ఆదివారం గాలి విపరీతంగా ఉంది. బీడంతా ఎర్రగా లేచింది. పందెం దగ్గరపడుతోందని హేమావతి పొద్దున్నుంచి ఎండ నడినెత్తికొచ్చేదాకా నడిపింది. ఆ రోజు సాల్మన్ రాలేదు, చర్చిలో పెళ్లి ఉందట. ఆ పై వారమూ నట్టల మందు పనే, స్పాంజి తీసి చూసే తీరిక ఆమెకు దొరకలేదు.

ఆ తర్వాతి ఆదివారం బండి ఒక పట్టాన స్టార్ట్ కాలేదు. తొక్కగా తొక్కగా అందుకుంది కానీ గొంతు మారిపోయింది. వెనకనుంచి నీలంగా పొగ వచ్చింది. గ్యాసు తిప్పితే ముందులా దూకలేదు, ముసలి ఎద్దులా కదిలింది. సాల్మన్ ఆపమని చెయ్యి ఊపాడు. సీటు విప్పాడు. స్పాంజిని పైకి తీసి, లోపలి గొట్టంలో వేలు పెట్టి తుడిచి బయటికి తీశాడు. వేలికి ఎర్రటి దుమ్ము, నూనెతో కలిసి కుంకుమలా అంటింది.

“అడుగున అంచు మడత పడిండాది,” అన్నాడు మెల్లగా. “ఆ సందులోంచి పీల్చింది. ఒగ దినమంతా దుమ్మే తినిండాది, పాపం.” స్పాంజిని తిప్పి చూస్తూ అడిగాడు, “దీన్ని ఎవరు పెట్టినారు?”

“నేనే,” అన్నాడు మారుతి.

హేమావతి హెల్మెట్ తీసి గట్టు మీద పెట్టింది. తిట్టి ఉంటే అతనికి బాగుండేది. బండిని ట్రాలీలో ఎక్కించి సాల్మన్ హిందూపురం తీసుకుపోయాడు. ఇంటికొచ్చాక ఆమె అన్నం వండింది, అతనికి వడ్డించింది, సాంబారు కావాలా అని అడిగింది. ఆ వారమంతా అంతే. కావాలా, వద్దా, తాళం యాడ పెట్టినావు. వరండా ఖాళీ అయింది. బియ్యం డ్రమ్మును తిరిగి అక్కడ పెట్టడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

ఇంజను విప్పిన సాల్మన్ ఫోన్ చేసి చెప్పాడు. సిలిండరు గోడ మీద నిలువునా గీతలు పడ్డాయి. పిస్టన్ పోయింది, గాలి వచ్చే వైపు వాల్వులు అరిగిపోయాయి. సిలిండరుకు బెంగుళూరులో మళ్లీ పూత వేయించాలి. పందెం నాటికి అయితే అవుతుంది, లేకుంటే లేదు.

మారుతి డ్యూటీ హిందూపురంలో ముగిసిన ప్రతిరోజూ నేరుగా సాల్మన్ ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. మొదటిరోజు వాకిట్లో నిలబడి, “నాకేమన్నా పని చెప్పప్పా. కసువు ఊడ్చమన్నా ఊడుస్తా,” అన్నాడు. సాల్మన్ అతనికి ఒక పీట చూపించి, ముందొక డబ్బా కిరసనాయిలు, పాత టూత్ బ్రష్షు, విప్పిన భాగాలన్నీ పెట్టాడు.

“ఒగ మాట చెప్తా విను కండక్టరన్నా,” అన్నాడు రెండో రోజో మూడో రోజో. “నేను ఈ బండి కొన్న కొత్తల్లో గ్రీజు పూయకుండా స్పాంజి పెట్టినా. ఇట్లనే దుమ్ము తినింది. నాకు నేర్పినాయనా అంతే చేసినాడంట. ఈ బండి సాకేటోడు ఒగసారి ఇంజను పాడు చేయకుండా ఉండడు. నువ్వేం ప్రత్యేకం కాదు.”

మారుతి నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఒక సాయంత్రం హేమావతి చెప్పకుండా హిందూపురం వచ్చింది. సిలిండరు ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని. గూటి పక్కన బల్బు వెలుగులో భర్త కనబడ్డాడు. ఖాకీ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, వాల్వు సందు కొలిచే సన్నని ఇనుప రేకును రెండు వేళ్లతో పట్టుకుని, నాలుక బయటపెట్టి చూస్తున్నాడు. “ఇది దూరింది. ఇంకొగటి లావుది దూరలేదు. కరెక్టా?” అని అడుగుతున్నాడు. సాల్మన్ తల ఊపాడు. “ఇంకోసారి చూస్తా,” అని మళ్లీ మొదలుపెట్టాడు.

ఎస్తేరమ్మ ఆమెను చూసి, “రా పాపా. నీ మొగుడు దినామూ ఈడనే ఉండాడు. ఇడ్లీ పెడితే చేతులు నల్లగుండాయని నాతోనే తినిపించుకుంటాడు,” అంది.

మారుతి లేచి నిలబడ్డాడు. సాల్మన్ ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయాడు. తల్లిని కూడా లోపలికి పిలిచాడు.

“ఇంటికి లేటుగా వస్తే ఓవర్ టైమ్ అన్నావే,” అంది హేమావతి.

“ఇది ఓవర్ టైమే గదా.”

ఆమె పీట మీద కూర్చుంది. “నాకు బండి పాడైందని కాదప్పా కోపం. రాకపోతే రాదని చెప్పాల్సింది. చూపించమంటే చూపించేదాన్ని గదా. తెలియకుండా తెలిసినట్టు ఏంటికి చేసినావు?”

మారుతి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. “నీకు అంత ఇష్టమైందాంట్లో నాకు ఒగ పనీ లేదు. మీ ఇద్దరూ మాట్లాడుకుంటాంటే నీళ్ల సీసా పట్టుకుని నిలబడతా. ఆ సీసా మేకుకు తగిలిచ్చినా ఒగటే గదా అనిపించింది.”

హేమావతికి ఇన్నాళ్లూ ఈ సంగతి తెలియదు.

“మలుపు తిరిగి దిబ్బ ఎక్కేటప్పుడు భయమైతాదప్పా నాకు,” అంది. “ప్రతిసారీ అయితాది. అప్పుడు నువ్వు యాడుండావో చూస్తా. ఆ నీలం చొక్కా కనబడితే గ్యాసు ఇడవను. సాల్మన్‌ను చూడను. నిన్నే చూస్తా. మేకును చూసి ఎవరన్నా దిబ్బ ఎక్కుతారా?”

“ఆ చొక్కా పాతబడిపాయ,” అన్నాడు మారుతి.

“ఇంకొగటి కొనుక్కో. నీలందే.” ఆమె అతని చేతిలోని రేకు తీసుకుంది. “చూపించు, యాడ పెట్టి కొలుస్తాండావు?”

పూత వేసిన సిలిండరు వచ్చింది, పిస్టన్ వచ్చింది, వాల్వులు వచ్చాయి. పందెం ముందురోజుకు ఇంకా ఒక్క గ్యాస్కెట్ రావాలి. పల్చటి రేకు ముక్క, అది లేకుండా ఇంజను మూయడానికి లేదు. బెంగుళూరులో ఎవరో దాన్ని హిందూపురం బస్సులో కాకుండా అనంతపురం బస్సులో వేశారు. సాల్మన్ తల పట్టుకుని కూర్చున్నాడు. మారుతి ఫోన్ తీశాడు. ఆ బస్సు కండక్టరు ఎవరో కనుక్కున్నాడు. పార్సిల్ పెనుకొండ రోడ్డు దగ్గర దించమన్నాడు, ఎదురుగా వస్తున్న ఇంకో బస్సు ఆపించాడు. “ప్రేమలత మేడమ్ డ్యూటీలో ఉంది, ఆమె చేతికియ్యి. సీటు కింద పెట్టొద్దు, వంగిపోతాది. సంచిలో పెట్టుకోమను.” హిందూపురం బస్టాండులో ప్రేమలత టికెట్ మిషన్ సంచిలోంచి కవరు తీసి ఇస్తూ, “ఏముందన్నా దీంట్లో, టికెట్ చుట్టల మధ్య ఇంత పదిలంగా పెట్టించినావు?” అంది. “మా ఇంటామె ఊపిరి,” అన్నాడు మారుతి. ఆ సాయంత్రమే ఇంజను మూశారు. కొత్త పిస్టన్ కుదురుకోవాలని వేడెక్కించి, చల్లార్చి, మళ్లీ వేడెక్కించారు. స్పాంజి మారుతి బిగించాడు. సాల్మన్ చుట్టూ వేలితో తడిమి చూడబోతే హేమావతి, “ఉండనీలేప్పా,” అంది.

పొద్దున చౌడప్ప ట్రాలీలో బండి, వెనక బండిని పట్టుకుని హేమావతి, మారుతి, సాల్మన్. ముందు డ్రైవరు పక్కన ఎస్తేరమ్మ. పందెం చూడనని ఒట్టు పెట్టుకున్నానని, కేవలం ధర్మవరంలో చుట్టాలను చూసిపోవడానికే వస్తున్నానని చెప్పింది. తీరా చెరువు దగ్గరికి వచ్చాక చుట్టాల మాట ఎత్తలేదు. ట్రాలీలోనే కూర్చుని కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది.

దాదాపు ఇరవై బండ్లు. ఆడమనిషి హేమావతి ఒక్కతే. కొందరు ఫోన్లు ఆమె వైపు తిప్పారు. జెండా పడింది. అందరూ ఒకేసారి మొదటి మలుపు మీదికి దూసుకుపోయారు. చెరువంతా దుమ్ము లేచి ఎవరు ఎవరో కనిపించలేదు. మారుతి ట్రాకు పక్కన కట్టిన తాడు దగ్గర నీలం చొక్కాతో నిలబడి మెడ సాచి చూశాడు. దుమ్ము కాస్త తగ్గాక, రెండో మలుపులో ఎర్రబండి పక్కకు పడి ఉంది. హేమావతి దాని కిందనుంచి కాలు లాక్కుంటోంది.

అతను తాడు కిందనుంచి దూరబోయాడు. సాల్మన్ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. “పోవద్దన్నా. పోతే ఆమెను పందెం నుంచి తీసేస్తారు. లేస్తాది చూడు.”

ఆమె లేచింది. బండిని లేపింది. వేడెక్కిన ఇంజను పడిపోయాక స్టార్ట్ కావడం కష్టమని సాల్మన్ చాలాసార్లు చెప్పాడు. ఆమె కిక్ రాడ్ లాగి, మెల్లగా తొక్కి, తగిలే చోటు వెతుక్కుని, ఒక్కసారి కిందికంటా తొక్కింది. అందుకుంది. సాల్మన్ పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని కౌగిలించుకున్నాడు. “ఒగే కిక్కు! చూసినావా? ఒగే కిక్కు!”

ఆ తర్వాత ఆమె ఒక్కొక్కరినీ దాటుతూ పోయింది. పెద్ద దిబ్బ దగ్గర గ్యాసు వదల్లేదు. ముగిసేసరికి తొమ్మిదో స్థానం. బహుమతులు ముగ్గురికే. ఆమె బండి ఆపి హెల్మెట్ తీసినప్పుడు కళ్ల చుట్టూ తప్ప మొహమంతా ఎర్రగా ఉంది. నవ్వితే పళ్లు తెల్లగా మెరిశాయి. “చూసినావా? చివరి దిబ్బ చూసినావా?” అని మారుతిని భుజాలు పట్టి ఊపబోయి, “అమ్మా” అని ఒక చేతిని కిందికి దించేసింది. భుజం దెబ్బతింది.

ఎస్తేరమ్మ ట్రాలీలోంచి కళ్లు తెరవకుండానే అడిగింది. “అయిపాయనా? కాళ్లు రెండూ ఉండాయా?”

“ఉండాయమ్మా,” అంది హేమావతి.

“అయితే దా, తిను,” అని ఆమె కళ్లు తెరిచి, ఒళ్లోని టిఫిన్ క్యారియరు మూత తీసింది. సాల్మన్ మాత్రం తినడానికి రాలేదు. మోకాళ్ల మీద కూర్చోలేక నేల మీదే కాళ్లు చాపుకుని, బండి గొలుసులో ఇరుక్కున్న మట్టిని చీపురు పుల్లతో తీస్తూ ఉండిపోయాడు. వచ్చిన కుర్రాళ్లలో ఒకడు, “ఈ ఇంజను ఎవరు కట్టినారన్నా?” అని అడిగితే ముందు తనను చూపించుకుని, తర్వాత మారుతిని చూపించాడు.

సోమవారం పొద్దున హేమావతి కుడి చెయ్యి పైకి లేవలేదు. రాత్రి చూసిన డాక్టరు ఎముక బాగానే ఉందన్నాడు, కొన్నాళ్లు బరువులు ఎత్తొద్దన్నాడు. డ్యూటీకి పోవాలి, ఆ రోజు ఒక పల్లెలో గొర్రెలకు సూదులు ఉన్నాయి. తల దువ్వుకోవడానికి చెయ్యి రాక అద్దం ముందు నిలబడి ఉంటే మారుతి దువ్వెన తీసుకున్నాడు.

“నీకు వచ్చునా?”

“రాదు. చూపించు.”

ఆమె నవ్వి కింద కూర్చుంది. మూడు పాయలు ఎలా తీయాలో, ఏది ఏ పాయ మీదినుంచి పోవాలో చెప్పింది. అతని గోళ్ల సందుల్లో ఇంకా ఇంజను నలుపు ఉంది. చాలా మెల్లగా, ఒక్కో మెలిక దగ్గర ఆగి, “ఇట్లనా?” అని అడుగుతూ అల్లాడు. హిందూపురం మొదటి బస్సు డ్యూటీకి తన బదులు ఇంకొకరిని పంపమని డిపోకు ఫోన్ చేశాడు. జడ ఒక పక్కకు వంగింది. అక్కడక్కడా వెంట్రుకలు పైకి లేచి నిలబడ్డాయి. హేమావతి అద్దంలో చూసుకుని ఏమీ సరిచేయలేదు.

ఆ రోజు మంద దగ్గర సోమక్క అనే ముసలామె గొర్రెను కాళ్ల మధ్య అదిమి పట్టుకుని, హేమావతి ఎడమ చేత్తో సూది వేస్తుంటే జడ వైపు వింతగా చూసింది.

“ఏం పాపా, ఎవురు వేసినారు ఆ జడ? గొర్రెల తాడు పేనినట్టు ఉండాది.”

“మా ఆయనక్కా,” అంది హేమావతి. “రేపు ఇంకా బాగా వేస్తాడు. గొర్రెను ఇడువు, ఇంకొగదాన్ని పట్టు.”